మగ్గం గుంతలో ఆషాఢం

మంజునాథ్ ఆ రోజు పెనుకొండలో రైలు దిగలేదు.

రోజూ పొద్దున హిందూపురంలో ప్యాసింజరెక్కి, పెనుకొండలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో కార్ల విడిభాగాల కంపెనీకి పోయి సాయంత్రం దాకా స్టోర్స్‌లో లెక్క చూసుకోవడం అతని ఉద్యోగం. ఆ రోజు కూడా టిఫిన్ డబ్బా పట్టుకుని, మెడలో కంపెనీ కార్డు వేసుకుని, పోయొస్తానని అమ్మకు చెప్పి మరీ రైలెక్కాడు. పెనుకొండ వచ్చింది, కొండ కనబడింది, తోటి ఉద్యోగులు తోసుకుంటూ దిగారు. మంజునాథ్ మాత్రం కిటికీ వైపు తిరిగి గురక కూడా పెట్టాడు. రైలు కదిలాక కళ్ళు తెరిచి, మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇక ధర్మవరం దాకా అతన్ని ఆపే నాథుడు లేడు.

ధర్మవరంలో అతని పెళ్ళాం స్వప్న ఉంది. జ్యేష్ఠంలో పెళ్ళయితే, కాపురం రుచి తెలిసే లోపే ఆషాఢం వచ్చి పడి ఆ పిల్లను పుట్టింటికి లాక్కుపోయింది. ఈ కాలంలో ఆషాఢాన్ని కొందరు పట్టించుకోరు, కొందరు నలుగురి కోసం పైపైన పాటిస్తారు. మంజునాథ్ తల్లి రామాంజినమ్మ ఆ రెండు రకాల్లోనూ చేరదు. ఆమె పుట్టిల్లు అమరాపురం. రాష్ట్రం అంచున ఉన్న ఊరు కాబట్టి తెలుగువాళ్ళ పట్టింపులూ కన్నడంవాళ్ళ పట్టింపులూ రెండూ క్షుణ్ణంగా నేర్చుకుని కాపురానికి వచ్చింది. గ్లాసు పెదవికి తగిలితే ఎంగిలి, గరిట కంచానికి తగిలితే ఎంగిలి. ఇక ఆషాఢంలో కొత్త అల్లుడు అత్త గడప తొక్కినా, అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నా ఆ అత్తకు కీడు. ఇందులో రెండో మాట లేదు.

“నా కండ్లు కప్పి ధర్మవరం పోయినావని తెలిసిందా, శ్రావణం కూడా ఆ పిల్ల ఆడనే,” అని ఆమె ముందే తేల్చి చెప్పింది. అది ఊరికే బెదిరించడం కాదు. కిందటేడాది తన దొడ్డమ్మ మనవడొకడు మడకశిరలో ఇలాగే గడప తొక్కి దొరికిపోతే, పంచాయితీకి పోయి కూర్చుని, వాళ్ళ శ్రావణాన్ని కూడా ఆషాఢం చేసి వచ్చింది ఈ రామాంజినమ్మే.

స్వప్న హిందూపురంలో ఉన్న ఆ కొద్దిపాటి కాపురంలోనూ ఒక చిన్న గొడవ జరిగింది. వచ్చిన మూణ్ణాళ్ళకే ఆ పిల్లకు చేతులూ మెడా దద్దుర్లు లేచి, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. దోమలు కుట్టాయత్తా అని చెబితే రామాంజినమ్మ నొచ్చుకుంది. ధర్మవరంలో దోమల్లేవా, మా ఇంటి దోమలే నీకు పడలేదా, పని తప్పించుకోవడానికి ఇవన్నీ నాటకాలు అంది. మంజునాథ్ అమ్మకు అడ్డు చెప్పకపోగా, పట్టుచీరల మధ్య పుట్టిన పిల్ల కదా, దోమకే ఇంత రాద్ధాంతమా అని నవ్వాడు. స్వప్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పసుపు రాసుకుని, పొడుగు చేతుల జాకెట్లు తొడుక్కుని పని చేసుకుపోయింది. ఆ సంగతి అందరూ మర్చిపోయారు.

ఆ స్వప్నే ముందురోజు ఫోన్ చేసింది. వాళ్ళ నాయన ఆదెప్ప, అమ్మ పద్మావతి మర్నాడు కనగానపల్లిలో బంధువుల సీమంతానికి పోతున్నారట, సాయంత్రం గాని రారట. ఇంట్లో ఓబులమ్మ అవ్వ ఒక్కతే ఉంటుంది. ఆమెకు చూపు తక్కువ, నిద్ర ఎక్కువ. మంజునాథ్‌కు ప్రాణం లేచివచ్చినా, అమ్మ కొడుకు కాబట్టి గడప గుర్తొచ్చింది. గడప తొక్కితే ఎట్లా అని గొణిగాడు.

“మగ్గం షెడ్డుకు గడప యాడుండాది? వెనక సందులోనుంచి రా,” అంది స్వప్న.

శాస్త్రంలో ఇంత చక్కని సందు దొరికాక ఏ మొగుడు ఆగుతాడు? హిందూపురం బేకరీలో ముందురోజే కొనిపెట్టుకున్న, కొబ్బరి పూర్ణం పెట్టిన దిల్‌పసంద్ డబ్బా సంచిలో వేసుకుని, స్టేషన్ బయట మల్లెపూలు కట్టించుకుని, వెనక సందులోంచి దొంగలా మగ్గం షెడ్డుకు చేరాడు. షెడ్డు వాకిట్లో ఆగి చెప్పులు విడిచాడు. మగ్గం దగ్గరికి చెప్పులతో పోవడం నేతగాళ్ళ ఇళ్ళలో తప్పు. ఆ మర్యాద అతనికి పెళ్ళిచూపుల రోజునే తెలిసింది. మిగతా మర్యాదలన్నీ మీరినవాడు ఈ ఒక్కటి ఎందుకు పాటించాడో తర్వాత అతనికే అర్థం కాలేదు.

స్వప్న మగ్గం మీద కూర్చుని ఉంది. ధర్మవరంలో మగ్గమంటే నేల మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేసేది. ఆదెప్ప తాత ఆజానుబాహువు కావడం వల్ల ఆ ఇంటి గుంత మామూలు కంటే లోతు, వెడల్పు. పక్కన నూలు తడపడానికి నీళ్ళ కుండ, దాని చుట్టూ ఎప్పుడూ చెమ్మ. మొగుడూ పెళ్ళాలిద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆమె పేక దారం చుట్టిన నాడె ఎలా విసరాలో నేర్పడం, ఇతను చేతగానట్టు నటించి మళ్ళీ మళ్ళీ చెయ్యి పట్టించుకోవడం జరుగుతుండగా, దిల్‌పసంద్ డబ్బా ఇంకా విప్పనైనా విప్పకముందే, వీధి వైపు నుంచి ఆదెప్ప దగ్గు వినబడింది.

కనగానపల్లిలో దాయాదులెవరో పోయి, మైల వచ్చి, సీమంతం ఆగిపోయిందట.

స్వప్న ఆలోచించలేదు. మొగుడి భుజం మీద చెయ్యేసి గుంతలోకి నొక్కేసింది. మంజునాథ్ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పడుగు కిందికి ముడుచుకుపోయాడు. ఆమె పావడా గుంత నోటికి అడ్డంగా పరుచుకుని టకటకా నేయడం మొదలుపెట్టింది. ఆమె కాళ్ళు అతని ఒళ్ళోనే ఆడుతున్నాయి. అంత ప్రమాదంలోనూ అతనికి అది బాగానే అనిపించింది.

బాగుండటం ఎంతోసేపు నిలవలేదు. గుంత చీకట్లో కాపురమున్న దోమలకు ఆషాఢం లేదు. కొత్త అల్లుడికి అత్తవారింట్లో జరగవలసిన మర్యాదలన్నీ అవే మొదలుపెట్టాయి. కాళ్ళు, చేతులు, చెవులు, ఆఖరికి పై పెదవి కూడా వదల్లేదు. కొట్టడానికి లేదు, గోక్కోవడానికి లేదు, ఊపిరి గట్టిగా తీయడానికి లేదు. స్వప్న కాళ్ళ మీదా వాలుతున్నాయి. ఆమె పాదం కూడా విదల్చలేదు. ఈ పిల్ల నిజంగా ఎంత ఓర్పుగలదో అని అతనికి ఆ స్థితిలో కూడా గర్వం కలిగింది.

పావడా అంచు సందులోంచి రెండు జతల కాళ్ళు కనబడ్డాయి. ఒక జత ఆదెప్పవి. అవి మగ్గం ముందుకొచ్చి, నేల మీద చతికిలబడ్డాయి. రెండో జత అత్తగారివి. పట్టీలు చూసి గుర్తుపట్టాడు. వింతేమిటంటే ఆ కాళ్ళ మడమలు ఇతని వైపు ఉన్నాయి, వేళ్ళు గోడ వైపు ఉన్నాయి. పద్మావతి గోడతో మాట్లాడుతున్నట్టుగా కూతుర్ని ఏమ్మా బాగా నేస్తున్నావే అని అడుగుతోంది.

ఆదెప్ప దిల్‌పసంద్ డబ్బా చూశాడు. ఇదెక్కడిదని అడిగాడు. ఎదురింటి లక్ష్మీనారాయణ మామ తెచ్చిచ్చాడని స్వప్న తడుముకోకుండా చెప్పింది. హిందూపురం బేకరీ డబ్బా అతనికెక్కడిదబ్బా అని ఆశ్చర్యపడుతూనే ఆదెప్ప విప్పి తినడం మొదలుపెట్టాడు. చాలా నిదానంగా, ముక్క ముక్క రుచి చూస్తూ తిన్నాడు. తింటూ తింటూ అల్లుడి గురించి ఎత్తుకున్నాడు.

“అల్లుడు మంచోడేలే పాపా. ఓపికే ఎంత ఉండాదో తెలీదు,” అన్నాడు.

తర్వాత తన కొత్తల్లో తన మామ తనను ఎలా సతాయించాడో మొదలుపెట్టి, పాత నేత సొసైటీ రాజకీయాల్లోకి పోయి, అక్కడి నుంచి ఈ ఏడు వానల సంగతికి వచ్చాడు. లేచి పోతాడనుకున్నప్పుడల్లా కాలు మార్చుకుని మళ్ళీ కూర్చున్నాడు. మంజునాథ్‌కు మొదట మామగారి మీద గౌరవం పోయింది, తర్వాత జాలి పోయింది, చివరికి చెవి వాచి మాటలు కూడా సరిగా వినబడటం మానేశాయి. ఎట్టకేలకు గోడ వైపు నుంచి పద్మావతి గట్టిగా, ఇంక చాలు లేవయ్యా, కాళ్ళు కడుక్కుని అన్నానికి రా అని కసిరితే ఆయన లేచాడు.

వెనక సందులోంచే బయటపడి ఎక్కిన తిరుగు రైల్లో కిటికీ అద్దంలో ఎవరో పెద్దమనిషి కనబడితే జరిగి చోటిచ్చాడు. అది తనే. ఒక కన్ను సగం మూతపడింది, పై పెదవి ముక్కును అందుకుంటోంది, చెవులు రెండూ ఎర్రగా నిలబడ్డాయి. పాదాలు చెప్పుల్లో పట్టక వేళ్ళు బయటికి వేలాడుతున్నాయి. టికెట్ కలెక్టర్ అతన్ని చూసి టికెట్ అడక్కుండానే పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

రామాంజినమ్మ తలుపు తీసి, ఎవరు కావాలని అడిగింది. గొంతు విని గుర్తుపట్టి నెత్తి కొట్టుకుంది. కంపెనీ గోడకు కందిరీగల తుట్టె ఉంది, అవి కుట్టాయని మంజునాథ్ రైల్లో తయారు చేసుకున్న అబద్ధం అప్పజెప్పాడు. పెదవి వాపు వల్ల సగమే బయటికొచ్చినా ఆమె నమ్మింది. కందిరీగకు సున్నం మంచిదని మొహమంతా సున్నం పూసింది. రేపు ఆ కంపెనీకి తనే ఫోన్ చేసి మేనేజరును కడిగేస్తానంది. మంజునాథ్‌కు వాపు కంటే ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. మేనేజరు ఫోనెత్తి, మీవాడు నిన్న సెలవు కదమ్మా అంటే చాలు, శ్రావణం కూడా గోవిందా.

తెల్లారేసరికి సగం మూసుకున్న కన్ను పూర్తిగా మూసుకుంది. సున్నం ఎండి రాలుతుంటే కొడుకును ఆటోలో వేసుకుని ఆమె డాక్టర్ ఆయేషా దగ్గరికి తీసుకుపోయింది. చర్మం డాక్టరుగా హిందూపురంలో ఆమెకు మంచి పేరు. నెమ్మదస్తురాలు, అడిగినదానికీ అడగనిదానికీ ఓపిగ్గా చెబుతుంది. ఆ అడగనిదానికి చెప్పే గుణమే మంజునాథ్ కొంప ముంచింది.

ఆమె సున్నం తుడిపించి, టార్చి వేసి చూసి, కందిరీగ కాదు, దోమలు అంది. రామాంజినమ్మ ఒప్పుకోలేదు. దోమకు ఇంత వాపేమిటని అడ్డం తిరిగింది.

“దోమ కుట్టినందుకు కాదమ్మా ఈ వాపు. అది వదిలిన ఉమ్ముకు,” అంది ఆయేషా.

దోమ సూది దించగానే ముందు తన ఉమ్ము లోపలికి వదులుతుందట. రక్తం గడ్డ కట్టకుండా, తాగడానికి వీలుగా. ఆ ఉమ్ములో ఉన్న సరుకును చూసి మన ఒళ్ళు, ఎవరో పరాయివాళ్ళు ఇంట్లో దూరారని కేకలు పెట్టి కాపలావాళ్ళను పిలుస్తుందట. వాళ్ళు వచ్చి అక్కడ చేసే హంగామానే ఈ వాపూ, ఎరుపూ, దురదా. అంటే దోమ చేసింది గోరంత, మిగిలింది మన ఒళ్ళు మనకు చేసుకున్నదే.

రామాంజినమ్మకు ఇందులో ఒక్క మాటే పట్టింది. ఎంగిలి. గ్లాసు పెదవికి తగలనివ్వకుండా పెంచుకున్న కొడుకు ఒంట్లోకి ఎన్ని దోమలు ఎంగిలి దించాయో తలుచుకుంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి పోగానే వాడికి తలంటి పోసి, పట్టుపంచె కట్టించి దేవుడికి దండం పెట్టించాలని అక్కడే తీర్మానించుకుంది. ఆ పట్టు కూడా పురుగు నోట్లోంచి వచ్చిందేనని, పట్టుగూళ్ళ మార్కెట్ ఉన్న ఊళ్ళో ఉంటూ కూడా, ఆమెకు ఆ క్షణాన తోచలేదు.

“మా ఇంట్లో కూడా దోమలుండాయి కదమ్మా. పుట్టినప్పటినుంచి వీన్ని కుడతానే ఉండాయి. ఎప్పుడూ ఇట్ల కాలేదే,” అంది.

“అందుకే కాలేదు. మీ ఇంటి దోమల ఉమ్ము ఇతని ఒంటికి అలవాటైపోయింది. ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళను చూసి ఒళ్ళు కూడా అరవడం మానేస్తుంది. ఇవి వేరే రకం దోమలు. ఒళ్ళు ఎప్పుడూ చూడనివి.”

అంతటితో ఆపి ఉంటే బాగుండేది. ఆయేషా మంజునాథ్ పాదాలు పైకెత్తి చూసి, వీపు చూసి, ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు నవ్వింది. అందరికీ ఇట్లే అవుతుందని కాదు గానీ, తను ఇంతకుముందు ధర్మవరంలో పని చేసేదట. అక్కడ మగ్గాల ఇళ్ళకు కొత్తగా వచ్చిన కోడళ్ళు సరిగ్గా ఇలాంటి కాళ్ళతో వచ్చేవాళ్ళట. గుంతలో దోమలు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు ఏమీ కాదు, బయటి నుంచి వచ్చిన పిల్లకే వాచిపోతుంది.

“అత్తగార్లేమో నాటకాలాడుతోందని తిట్టేవాళ్ళు. పాపం, ఆ పిల్లల తప్పేముంది? ఇంతకీ నువ్వు మగ్గం గుంతలో ఎందుకు కూర్చున్నావు నాయనా?” అని చాలా ప్రేమగా అడిగింది.

మంజునాథ్ తెరిచి ఉన్న ఒక్క కన్ను కూడా మూసుకున్నాడు. అమ్మ అరుస్తుందని ఎదురుచూశాడు. ఆమె అరవలేదు. మందుల చీటీ తీసుకుని, కొంగు సర్దుకుని బయటికి నడిచింది. అరిస్తే భయం లేదు, అరవకపోతేనే భయం. ఆ ఇంట్లో పెద్ద శిక్షలన్నీ ఇలా చప్పుడు లేకుండానే పడతాయి.

మెట్ల మీద అతను కాళ్ళబేరానికి వచ్చాడు. షెడ్డుకు గడప లేదన్నాడు. అత్త మొహం చూడలేదు, మడమలే చూశానన్నాడు. ఆమె నోరు మూసుకుని సుమ్నే ఉండమని కసిరి, అక్కడే నిలబడి ధర్మవరానికి ఫోన్ కలిపింది. వియ్యపురాలికి కీడేమైనా జరిగిందేమోనని ఆమె భయం నిజమైన భయమే. పద్మావతి గొంతు ఎంత పెద్దదంటే పక్కనున్న మంజునాథ్‌కు ప్రతి మాటా వినబడింది.

“నాకేం కాలేదు వదినా. షెడ్డు వాకిట్లో మేము పెండ్లికి పెట్టిన చెప్పులు చూస్తానే మొగం గోడకు తిప్పుకున్నా. మా ఆయనే, అల్లునితో రోంతసేపు ఆడుకుందామని కూర్చున్నాడు. దిల్‌పసంద్ బాగుండాదంట.”

మంజునాథ్‌కు నిన్న పోయిన జాలీ గౌరవమూ కాక ఇంకా ఏవైనా మామగారి మీద మిగిలి ఉంటే అవి కూడా పోయాయి. రామాంజినమ్మ నవ్వలేదు. మీ పాప మా ఇంటికొచ్చిన కొత్తలో కన్ను వాచినట్టు మీకు చెప్పిందా అని అడిగింది. చెప్పలేదే, ఏమైంది వదినా అంది పద్మావతి. ఏం లేదు, మళ్ళీ మాట్లాడతా అని రామాంజినమ్మ ఫోన్ పెట్టేసింది.

అప్పుడు మంజునాథ్‌కు గుర్తొచ్చింది. పొడుగు చేతుల జాకెట్లు. పసుపు. గుంతలో దోమలు వాలినా కదలని ఆ పాదాలు చూసి ఓర్పు అనుకున్నాడు. అది ఓర్పు కాదు, అలవాటు. ఓర్పు హిందూపురంలో చూపించింది, తన పక్కనే, తను నవ్వుతుండగా. అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అసలే అది మామూలు కంటే పెద్దదిగా ఉంది.

ఇద్దరూ నడుస్తున్నారు. ఆటో పిలవలేదామె. కొంత దూరం పోయాక, కొడుకు వైపు చూడకుండానే అంది.

“నేను అమరాపురం నుంచి వచ్చినప్పుడు నాక్కూడా వాచినాయిరా. కాళ్ళు, చేతులు, మొగం. మా అత్త నాటకమనింది. మూలకు కూర్చోని ఏడిస్తి. ఒళ్ళు అలవాటైనాక అదంతా మతికే లేకుండా పాయె. ఆ పిల్లను అదే మాట అంటి.”

ఆమె కళ్ళు ఒత్తుకుంది. మంజునాథ్ కూడా ఒత్తుకోబోయాడు గానీ వాపు వల్ల కుదరలేదు.

బజారులో మొహిద్దీన్ సాబ్ పరుపుల అంగడి ముందు రామాంజినమ్మ ఆగింది. చెప్పులు విడిచి లోపలికి పోయింది. సాబ్ వాళ్ళకు ఎప్పటినుంచో తెలిసినవాడే. పెళ్ళి పరుపు కూడా ఆయన కుట్టించిందే. మంజునాథ్ మొహం చూసి ఏదో అడగబోయి, మర్యాదకు మానుకున్నాడు. దోమతెర కావాలంది రామాంజినమ్మ. గట్టిది, చిరగనిది, చిన్న కన్నాలది. సాబ్ మంచిదొకటి తీసి కౌంటరు మీద పరిచాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి, వేలు దూరుతుందేమో అన్ని మూలలా చూసింది.

“ఎంతది కట్టమంటావమ్మా? ఒకరికా, ఇద్దరికా?” అన్నాడు సాబ్.

మంజునాథ్ అంగడి వాకిట్లో చెప్పుల్లో పట్టని కాళ్ళతో నిలబడి, ఉన్న ఒక్క కంటితో అమ్మ వీపు వైపు చూశాడు. శ్రావణం మొత్తం ఆ మడతపెట్టిన బట్టలో ఉన్నట్టనిపించింది. రామాంజినమ్మ వెనక్కి తిరిగి కొడుకును పైనుంచి కింది దాకా ఒకసారి, తీరిగ్గా చూసింది.

“ఇద్దరికే ఇయ్యి సాబూ. అమాస పోతానే నేనే పోయి నా కోడల్ని పిలుచుకొస్తా,” అంది.